కామాక్షమ్మ బోణీ

నాకు ముక్కు మీదే కోపమని మా ఆయన పౌలు పులివెందుల బస్టాండు దాకా చాటింపు వేసి పెట్టాడు. ఉంటే ఉండనీ. మా నాయన నా పేరున రాసిచ్చిన అరటితోటను, నన్నొక్క మాట అడక్కుండా ఎవరో బ్రోకరుకు గుత్తకిస్తానని ఒప్పుకుని వచ్చిన మొగుడి మీద కోపం రాకపోతే, ఇక దేవుడు కోపాన్ని ఎందుకు పుట్టించినట్టు?

"గుత్తకిస్తే మనకు యాతన ఉండదు ప్రేమా. వాడే నీళ్లు పెట్టుకుంటాడు, వాడే కోసుకుంటాడు, వాడే అమ్ముకుంటాడు. మనం కాళ్లు సాపుకోని కూచ్చోవచ్చు" అన్నాడు.

"కాళ్లు సాపుకోని కూచ్చోడానికి నాకేమన్నా పక్షవాతం వచ్చిందా? నా పండ్లు నేనే ప్రొద్దుటూరికి ఏసుకపోయి అమ్ముకుంటా" అన్నాను.

"ఆడ బయటూరోళ్లను అమ్మనిస్తారా?"

"గేటు తీసేసినారు గదా!"

నిజంగానే తీసేశారు. ప్రొద్దుటూరు పండ్ల మార్కెట్టు గేటుకు ఒకప్పుడు ఇనుప గొలుసు ఉండేది. పులివెందుల అరటి అయినా, జమ్మలమడుగు కర్బూజా అయినా ఆ గొలుసు బయటే దించి, ఊరి వ్యాపారులకే ఇచ్చి, వాళ్లు చెప్పిన ధర పుచ్చుకుని, నోరు మూసుకుని తిరిగి రావాలి. పోయినేడు ఆఫీసర్లొచ్చి గొలుసు పీకించి, ఒక బోర్డు పెట్టించారు. మూడూళ్లకూ మార్కెట్టు ఒకటేనట. ఏ ఊరి రైతు అయినా వచ్చి సొంతంగా అమ్ముకోవచ్చట, ఎవరూ అడ్డం చెప్పకూడదట. ఆ బోర్డు ఫొటో ఎవరో ఫోనులో పంపిస్తే నేను దాన్ని చూసుకుని మురిసిపోయాను.

ఆ ఊపులోనే నోరు జారాను. "ఈ కోత మొత్తం నేను అమ్ముకోనొస్తా. ఒక్క పండు మిగిలినా తోట నీ బ్రోకరుకే ఇచ్చుకో పో!"

"మాటేనా?"

"మాటే!"

అన్నాక నాలుక కరుచుకున్నాను గానీ, పౌలు ముందు ఆ సంగతి ఒప్పుకునేదాన్ని కాదు.

గెలల నుంచి కోసి, పొగబెట్టి మాగించిన అత్తాలన్నీ మా ఆయన ట్రాలీ ఆటోలోకి ఎక్కించాం. మాగిన అరటిపండంటే తెలుసుగా, పొద్దున బంగారం, మధ్యాహ్నానికి మచ్చలు, సాయంత్రానికి మేకలకు మేత. జమ్మలమడుగులో మెహరున్నీసా తన గోనెలతో ఎక్కింది. పెన్నా ఇసుకలో కర్బూజాలు పండిస్తుంది. పెద్ద గొంతు, అంతకన్నా పెద్ద నవ్వు. నన్ను వదినా అంటుంది. రెండు నెలలుగా తనే సొంతంగా ప్రొద్దుటూరులో అమ్ముతోంది కదా, నేను సంబరంగా మార్కెట్టు సంగతులు అడిగాను. ఆమె నవ్వడం మానేసింది.

"గేటు తీసినారు గానీ వదినా, బోణీ తియ్యలేదు."

"బోణీ ఏంది?"

"ఊరోళ్ల బోణీ కానిదే బయటూరోళ్లు సరుకు మీద తాడు విప్పగూడదు. మొదటి దుడ్లు బయటూరోళ్ల చేతిలో పడితే మార్కెట్టు లక్ష్మి బయటికి పోతాదంట. ఊరోళ్లందరికీ పెద్ద నాగభూషణం శెట్టి. ఆయప్ప బోణీ అయినాకే మిగతావోళ్లది. ఆయప్పకేమో కామాక్షమ్మవ్వ చేత్తోనే బోణీ కావల్ల. ఆమె చెయ్యి శానా మంచిదంట."

"ఆమె ఎప్పుడొస్తాది?"

"ఎండ బాగా ఎక్కినంక."

"తొందరగా రమ్మని చెప్పొచ్చు గదా?"

"ఆయప్పే నిదానంగా రమ్మంటాడని అందరూ అనుకుంటాండారు. అప్పటికి మన సరుకు వాడిపోతాది. వాడిన సరుకు ఊరోళ్లు అగ్గువకు ఎత్తుకుంటారు. మొన్న నా కాయలు అట్లే పాయ."

నాకు నెత్తురు ఉడికిపోయింది. బోణీలు, శకునాలు, రాహుకాలాలు మా నాయన గడప తొక్కనివ్వలేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు తోట, అంతే మా లెక్క. "నేనొచ్చినాక చూద్దాం ఎవురి బోణీ ఎవురికయితాదో" అని మెహరున్నీసాతో గట్టిగానే అన్నాను. ముందు సీట్లో పౌలు దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం నాకు తెలుసు, మాట గుర్తుందా అని.

మార్కెట్టులోకి అడుగు పెట్టగానే చూశాను. ఊరి వ్యాపారులు లోపల నీడలో, బయటూరి వాళ్లం బయట ఎండలో. బండ్లు, బుట్టలు, గోనెలు, అన్నిటికీ తాళ్లు కట్టే ఉన్నాయి. అందరూ తలలెత్తి సూర్యుడిని చూస్తున్నారు. అందరికన్నా ముందు నాగభూషణం శెట్టి అంగడి, చీనీకాయల కుప్ప, అవే బత్తాయిలు. తెల్లచొక్కా, నుదుట గంధం. కుప్ప మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. మనిషి కోపిష్టి కాదు, చిరునవ్వుతోనే గొంతు కోసే రకం.

"శెట్టీ, తాళ్లు విప్పుకోవచ్చా?" అని అడిగాను.

"ఎట్లమ్మా? బోణీ కావల్ల గదా."

"ఆడ బోర్డుండాది, చూసినావా?"

"ఎందుకు చూల్లేదమ్మా? బోర్డు గవర్మెంటుది. బోణీ లక్ష్మీదేవిది."

"సరే, బోణీ నేను చేస్తా. ఒక చీనీకాయ ఇయ్యి, దుడ్లు తీసుకో."

శెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. "బయటూరి చేత్తో బోణీనా? రామ రామ! నీకు దండం పెడతా తల్లీ, ఆ మాట మళ్లా అనొద్దు."

చుట్టూ ఊరి వ్యాపారులు కిసుక్కుమన్నారు. నేను వెనక్కి వచ్చి ట్రాలీ దగ్గర నిలబడ్డాను. పట్ట కింద నుంచి అరటిపండ్ల వాసన గుప్పుమంటోంది. పట్ట అంచు ఎత్తి చూస్తే తొక్కల మీద అప్పుడే చిన్న చిన్న మచ్చలు. సరిగ్గా అప్పుడే పౌలు ఫోను మోగింది. పక్కకు తిరిగి గొంతు తగ్గించి మాట్లాడాడు, అయినా నాకు వినిపించింది. "మధ్యాన్నానికి చెప్తానప్పా. ఆ, దాదాపు అయినట్లే."

"ఏంది అయినట్లే? బండి తియ్!" అని అరిచాను.

"ఇంటికా?"

"కామాక్షమ్మ ఇంటికి!"

మెహరున్నీసా దారి చెప్పింది. బంగారు అంగళ్ల వీధి దాటి, రెండో సందు. సరుకు దించే పనే లేదు, తాడు విప్పకూడదు కదా, ట్రాలీని అట్లే నడిపించుకుపోయాం. ముసలమ్మ ఇంకా నిద్రలో ఉంటుందేమో, లేపాలేమో అనుకుంటూ వెళ్లాను. చూస్తే ఏముంది? పట్టుచీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, చేతిలో సంచీతో అరుగు మీద కూర్చుని ఉంది.

"అవ్వా, ఇంగా పోలేదా మార్కెట్టుకు?"

"యాడికి పోయేది పాపా? శెట్టి కబురు పంపించేదాకా కదలగూడదంట. తెల్లారక ముందే నీళ్లు పోసుకోని కూచ్చుంటా. కాళ్లు తిమ్మిర్లెక్కేదాకా ఈడే కూచ్చుంటా. కాఫీ గూడా తాగగూడదు, పరగడుపునే రావల్లంట."

"ఎందుకవ్వా ఇంత యాతన?"

"తొందరగా వస్తే నా చెయ్యి పని చెయ్యదని చెప్పినాడు. నా చెయ్యికి టైమేం తెలుసు పాపా!" అని పకపకా నవ్వింది. ముందు పళ్లు రెండే ఉన్నాయి, ఆ రెండూ నవ్వాయి.

"అయితే నాతో రా. ఇప్పుడే పోదాం. బండి తెచ్చినా."

అవ్వ ట్రాలీని ఎగాదిగా చూసింది. నేను ముందు సీటు తుడవబోతే "ముందర వద్దు. ఎనక ఎక్కుతా. ఇట్లాటి బండి ఎప్పుడూ ఎక్కలేదు నేను" అంది. పౌలు, నేను చెరో చెయ్యి పట్టి ఎక్కించాం. అరటాకులు పరిచి, అత్తాల మీదే కూర్చోబెట్టాను. పక్కన నేనూ ఎక్కాను.

ఇక చూడండి మా ఊరేగింపు! బంగారు అంగళ్ల వీధిలో అప్పుడే తలుపులు తీస్తున్నారు. కామాక్షమ్మ ట్రాలీ మీద నుంచి అందరినీ పేర్లు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. "ఒరే అబ్బీ, మీ అమ్మ మోకాళ్లు ఎట్లుండాయి?" "ఏమ్మా, పాపకు పాలపండ్లొచ్చినాయా?" గుంత వచ్చినప్పుడల్లా "ఓయమ్మో!" అని అరిచి, మళ్లీ నవ్వి, "ఇంగో గుంతలో పోనియ్యప్పా" అని పౌలును బతిమాలింది. మా ఆయన నిజంగానే గుంతలు వెతుక్కుంటూ నడిపాడు. నాకూ నవ్వాగలేదు. తోట పోయేటట్టుంది, అయినా నవ్వుతున్నాను. అంగళ్ల వాళ్లు కొందరు ఇదేం విచిత్రమని ట్రాలీ వెనకే నడుచుకుంటూ వచ్చారు.

నా ఉపాయం సులువైనదే. అవ్వ దిగుతుంది, శెట్టి దగ్గర ఒక చీనీకాయ కొంటుంది, బోణీ అవుతుంది, అందరం తాళ్లు విప్పుకుంటాం. ట్రాలీ శెట్టి అంగడి ముందు ఆగింది. ఆయన మొహం చూడాలి! ఈ వేళకు కామాక్షమ్మా! నవ్వాలో ఏడవాలో తెలియక చీనీకాయ ఒకటి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

అవ్వ మాత్రం దిగలేదు. "పాపా, కండ్లు తిరుగుతాండాయి. ఒక పండు ఇయ్యి" అంది.

పాపం, ముసలి ప్రాణం, ఏమీ తినలేదు. నేను తాడు విప్పకుండానే పట్ట అంచు పక్కకు తోసి ఒక మంచి పండు తుంచి చేతిలో పెట్టాను. వలుచుకుని తింది. కళ్లు వెలిగిపోయాయి. "ఏం తియ్యగుండాది పాపా!" అంటూ చీర కొంగు ముడి విప్పింది.

"దుడ్లెందుకవ్వా, ఉండనీ."

"ఊరికే తినేదాన్ని కాదు నేను. పట్టుకో!" అని గదమాయించి నాణెం నా అరచేతిలో పెట్టింది.

తీసుకున్నాను. అంతవరకు బాగానే ఉంది. బోణీలూ శకునాలూ మా నాయన గడప తొక్కనివ్వలేదన్నాను కదా. కానీ మా అమ్మ గడప బయట, పులివెందుల బస్టాండులో, బుట్ట పెట్టుకుని పండ్లు అమ్మింది. చిన్నప్పుడు నేను పక్కనే కూర్చునేదాన్ని. పొద్దున్నే మొదటి నాణెం పడగానే అమ్మ ఏం చేసేదో, నా చెయ్యి అదే చేసింది. నన్నడగలేదు, ఆగలేదు. ఆ నాణేన్ని ఈ కంటికి, ఆ కంటికి, భక్తిగా అద్దుకుంది.

మార్కెట్టు మొత్తం నా వైపే తిరిగింది.

అప్పుడు మెహరున్నీసా గొంతు లేచింది. "బోణీ అయిపాయ! కామాక్షమ్మవ్వ బోణీ అయిపాయ! విప్పండప్పా తాళ్లు!"

ఇక ఆగితే ఒట్టు. గోనెల తాళ్లు, బుట్టల తాళ్లు, బండ్ల తాళ్లు ఒక్కసారిగా తెగాయి. కొందరు విప్పే ఓపిక లేక కొడవళ్లతో కోసేశారు. కర్బూజాలు దొర్లుకుంటూ వచ్చాయి. ఎవరో ఈల వేశారు.

"అవ్వా! ఎంత పని చేస్తివే!" అని శెట్టి నెత్తి కొట్టుకున్నాడు.

"ఆకలైంది నాయనా."

"సరే, సరే, అయిందేదో అయింది. ఇదో, ఈ కాయ తీసుకో, నాకూ బోణీ చెయ్యి!"

కామాక్షమ్మ నోట్లో ఉన్నది నిదానంగా మింగింది. "ఒక చెయ్యి రోజుకు ఒక బోణీనే చెయ్యల్లని నువ్వే గదా నాయనా చెప్పినావు? ఆ బంగారంగడి ఆయప్ప అడిగినా, గుడ్డలంగడి ఆయప్ప అడిగినా, నన్ను పోనియ్యలేదు గదా?"

ఆ మాట వెనక నిలబడి ఉన్న బంగారంగడి ఆయన చెవిన పడింది. ఎన్నేళ్లుగానో కామాక్షమ్మ చెయ్యి కోసం కాచుకున్నాడట పాపం. జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, "అవ్వ బోణీ చేసిన సరుకు ఇదే గదమ్మా? నాకొక అత్తం ఇయ్యి, గల్లాపెట్టె మీద పెట్టుకుంటా" అన్నాడు. ఇంకొకాయన వచ్చి అవ్వ తిన్న పండు ఏ అత్తంలోదో అదే కావాలని పట్టుబట్టాడు. గుడ్డలంగడి వాళ్లు, పాత్రలంగడి వాళ్లు, చెప్పులంగడి వాళ్లు అందరూ వచ్చారు. నాకు బేరమాడే తీరికే లేదు. పౌలు అత్తాలు అందిస్తున్నాడు, నేను అమ్ముతున్నాను. ఒకరి భుజం మీద నుంచి ఒకరు, ఒకరి చంక కింద నుంచి ఇంకొకరు. అవ్వ ట్రాలీ మీద నుంచే "తోసుకోవద్దు, అందరికీ ఉండాయి" అని పెత్తనం చేసింది.

అరటిపండ్ల కోసం వచ్చిన వాళ్లు కర్బూజాలు చూశారు, కర్బూజాల కోసం వచ్చిన వాళ్లు మామిడికాయలు చూశారు. ఊరి వ్యాపారుల దగ్గర కూడా జనం విరగబడ్డారు. పొద్దున్నే ఇంత గిరాకీ ఆ మార్కెట్టు ఎన్నడూ చూడలేదని వాళ్లే అనుకున్నారు. మెహరున్నీసా ఖాళీ గోనెసంచి గాలిలో తిప్పుతూ "వదినా! నావి అయిపాయ!" అని అరిచింది.

ఒక్క నాగభూషణం శెట్టి మాత్రం కుప్ప ముందు కూర్చునే ఉన్నాడు. చీనీకాయలు అడిగిన వాళ్లకు తల అడ్డంగా ఊపుతున్నాడు. "ఇంగా బోణీ కాలేదప్పా" అని ఆయన చెప్పడం, వాళ్లు పక్కంగడికి పోవడం. ఎండ నీడను నెట్టుకుంటూ ఆయన కుప్ప మీదికే వచ్చింది.

నేను నడుం మీద చేతులు పెట్టుకుని ట్రాలీలోకి చూశాను. అవ్వ పక్కకు జరిగితే, ఆమె కూర్చున్న చోట ఒక అత్తం. నలిగి, ఒకవైపు నల్లబడి, బిక్కుబిక్కుమంటోంది. ఇద్దరు ముగ్గురికి చూపించాను. అందరి చేతుల్లోనూ అప్పటికే పండ్లున్నాయి, ఇది ఎవరికి కావాలి? ఒక్క పండు మిగిలినా తోట నీ బ్రోకరుకే అన్న నా మాట నా చెవుల్లోనే గింగురుమంది. మా నాయన కడప బ్యాంకులో నగలు పెట్టి బోరు వేయించిన తోట. దాని మట్టి వాసన నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?

పౌలు కూడా ఆ అత్తాన్ని చూశాడు. ఇటూ అటూ చూసి, నా దగ్గరికి వచ్చి, చెవిలో అన్నాడు. "నేను తినేస్తా ప్రేమా. ఎవురికీ చెప్పొద్దు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పందెం వేసిన మనిషే పందెం తప్పిస్తానంటున్నాడు! కానీ నా మొండితనం నాది. "అమ్ముతానన్నా గానీ, తింటామనలేదు" అని ఆ అత్తం చేతిలోకి తీసుకుని నేరుగా శెట్టి అంగడికి నడిచాను.

"శెట్టీ, ఇది నువ్వు కొను."

"బయటూరి సరుకు నా అంగట్లో ఎన్నడూ పెట్టలేదమ్మా" అన్నాడు. చిరునవ్వు లేదు, గొంతులో పొగరూ లేదు.

"ఈ ఊర్లో నేనూ ఎన్నడూ చీనీకాయ కొనలేదు. చూడు, అవ్వ బోణీ అందుకున్న చెయ్యి ఇది. ఈ చేత్తోనే నీకు బోణీ చేస్తా. నువ్వు నా పండ్లు కొను, నేను నీ కాయలు కొంటా. ఏమంటావు?"

శెట్టి నా చెయ్యి వైపు చూశాడు. కుప్ప వైపు చూశాడు. కామాక్షమ్మ ట్రాలీ మీద నుంచి పిలిచింది. "తీసుకో నాయనా. ఎండబడి నీ కాయలు గూడా వాడుతాండాయి."

ఆయన తల వంచుకుని అత్తం తీసుకుని, దుడ్లు ఇచ్చాడు. నేను సంచీ నిండా చీనీకాయలు ఏరుకుని, దుడ్లు ఆయన చేతిలో పెట్టాను. బయటూరి దాని చేతి దుడ్లు! శెట్టి కళ్లు మూసుకుని, రెండు కళ్లకూ అద్దుకున్నాడు. కళ్లు తెరిచేసరికి ముందు నలుగురు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మళ్లా ఎప్పుడొస్తావమ్మా?" అని నన్నడిగాడు, వాళ్లకు కాయలు ఎంచుతూనే.

"ఇంగో కోత మాగినాక వస్తా. తాడు మాత్రం కట్టుకోని రాను."

"కట్టొద్దులేమ్మా" అన్నాడు.

మెహరున్నీసా నన్ను కౌగిలించుకుని గిరగిరా తిప్పింది. ఇద్దరం కలిసి అవ్వకు ఇడ్లీ తినిపించి, కాఫీ తాగించి, ఇంటి దగ్గర దించాం. దిగుతూ కూడా మళ్లీ వచ్చినప్పుడు గుంతల దారినే తీసుకపొమ్మని పౌలుకు చెప్పింది. మళ్లీ ట్రాలీ దగ్గర నిలబడ్డామో లేదో, ఫోను మోగింది. బ్రోకరే. పౌలు ఫోను వైపు చూశాడు, ఖాళీ ట్రాలీ వైపు చూశాడు. ఎప్పటిలా పక్కకు తిరిగి మాట్లాడతాడనుకున్నాను. ఫోను నా చేతిలో పెట్టాడు.

"నీ తోట గదా" అన్నాడు. "నువ్వే చెప్పు."

పెళ్లయినప్పటి నుంచీ ఆ తోట గురించి ఎవరు ఫోను చేసినా ఆయనే మాట్లాడాడు. ఫోను చెవికి పెట్టుకున్నాను. అవతల బ్రోకరు "హలో, హలో, పౌలన్నా, ఏమాయ?" అంటున్నాడు.

"పౌలన్న కాదప్పా" అన్నాను. "తోట నాదే, నేనే మాట్లాడతాండా."

"ఆయన లేడామ్మా?"

"ఉండాడు. బండి కడుగుతాండాడు. ఇంగా గెలలు కొయ్యల్ల, మాగబెట్టల్ల, మాకు శానా పనుండాది. పెట్టేస్తాండా."